రెసిస్టర్ మీద వైరు ముక్క

రెండు వేల ఇరవై ఐదు, ఆగస్టు పదకొండు. సోమవారం. ఆ పొద్దు మక్క గారెలు తిన్నాం. స్వరాజ్యం లేత కంకులు ఒలిచి, పచ్చిమిర్చీ అల్లం వేసి బరకగా నూరి, కాగిన నూనెలోంచి తీసినవి తీసినట్టు నా పళ్ళెంలో వేసింది. ముసురు పట్టి ఉంది. నేనూ, నా బామ్మర్ది యాదగిరీ వెనక వాకిట్లో రేకుల కింద కూర్చుని తిన్నాం. తేదీ ఎందుకు గుర్తుందంటే, మేమిద్దరం ఒక్క దగ్గర కూర్చుని తిన్న చివరి తిండి అదే.

స్వరాజ్యం యాదగిరి భార్య. నా భార్య సుమిత్ర పోయినప్పటి నుంచి నా తిండి ఆమె చేతి మీదే నడిచింది. మా రెండిళ్ళ వెనక వాకిళ్ళకూ నడుమ ఒక గోడ ఉంది. తమ్ముడి ఇంటికి పోవాలంటే వీధిలోంచి చుట్టు తిరగడమేందని సుమిత్ర ఒకసారి మేస్త్రీని పిలిపించి ఆ గోడకు తలుపు పెట్టించింది. మేం దాన్ని నడిమి తలుపు అంటాం. గొళ్ళెం ఉంది గానీ పెట్టినవాళ్ళు లేరు. గాలికి కొట్టుకోకుండా ఒక ఇటుక అడ్డం పెట్టి, పగలూ రాత్రీ సగం తెరిచే ఉంచేవాళ్ళం. సుమిత్ర పోయాక ఆ తలుపు గుండానే నా అన్నం, నా రొట్టె వచ్చేవి. నేను వద్దన్న పూట కూడా వచ్చేవి. నాకు బీపీ ఉందని పప్పులో ఉప్పు తగ్గించి, నా గిన్నె వేరుగా తీసి పెట్టేది. ఆ సంగతి ఒక్కసారి కూడా నోటితో చెప్పలేదు. తింటుంటే తెలిసేది.

నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఇంటి ముందు గదిలో ఒక బల్ల, సోల్డరింగ్ ఐరన్, నాలుగు మీటర్లు పెట్టుకుని, ఊళ్ళో కేబుల్ నెట్‌వర్క్ వాళ్ళ రిసీవర్లు బాగుచేసి ఇస్తుంటాను. యాదగిరి ఆ నెట్‌వర్క్‌లోనే లైన్ ఇన్‌ఛార్జి. మాది మగ్గాల కులం. వాళ్ళ బాపు భీవండికి పోయి మరమగ్గాల మీద కళ్ళు పోగొట్టుకుని వచ్చాడు. యాదగిరి ఇంటి మగ్గం మీద కొన్నాళ్ళు కూర్చుని, పదో తరగతి తప్పి, డిష్ గొడుగుల కాలంలో కేబుల్ పనికి పోయాడు. నల్ల వైరు చుట్టలు భుజాన వేసుకుని సిద్దిపేటలో ఎక్కని మిద్దె లేదు. ఇవాళ మద్దూరు, ధూళిమిట్ట దాకా తూర్పు వైపు లైనంతా అతని చేతిలో ఉంది. ఏ స్తంభం మీద ఏ అతుకు ఉందో కళ్ళు మూసుకుని చెబుతాడు.

సోల్డరింగ్ నా బల్ల మీదే నేర్చుకున్నాడు. అందరిలాగా వైరును ఆనించి సోల్డరు పోయడు. వైరు కొసను చుట్టి, మగ్గం మీద తెగిన పోగును అతికినట్టు వేళ్ళతో పురి పెట్టి, ఆ పైన పోస్తాడు. అక్కర్లేదని ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. "గట్టిగుంటది బావా, సచ్చినా ఊడదు" అనేవాడు. సుమిత్ర టీ తెచ్చి, మా తమ్ముడు రేడియో బాగుజేస్తుండా, చీర నేస్తుండా అని నవ్వేది.

ఆ సోమవారం గారెలు తింటుండగానే యాదగిరికి కంట్రోల్ రూమ్ నుంచి ఫోన్ వచ్చింది. మాట్లాడింది మైత్రి. టీవీకీ నెట్‌కూ ఫైబర్ తీగలో వెలుతురు బయలుదేరేది ఆ కంట్రోల్ రూమ్ నుంచే. అక్కడ ఇంజినీరు ఆ అమ్మాయి. ములుగు దగ్గరి పిల్ల. తండ్రి లేడు. తల్లి పోశమ్మకు కిడ్నీలు పోయాయి, సిద్దిపేట దవాఖానలో డయాలసిస్ చేస్తారు. అక్కడ మంచం దొరికించుకోవడానికి ఎందరి కాళ్ళు పట్టుకుందో ఆ పిల్లకే తెలుసు. హైదరాబాదులో ఇంతకంటే మంచి కొలువు పిలిచినా ఆ మంచం కోసమే ఇక్కడ ఉండిపోయింది. రిసీవర్లు తీసుకుని నా దగ్గరికి వచ్చినప్పుడు, తెలియనిది తెలియదని అడిగేది. ఎన్నో ఏళ్ళు పాఠాలు చెప్పిన నాకు అట్లా అడిగే పిల్లలు తక్కువ దొరికారు.

ఫోన్లో ఆమె చెప్పిందేమిటంటే, మద్దూరులో బొమ్మ గళ్ళు గళ్ళుగా పగులుతోంది, ఫోన్లు ఆగడం లేదు. ధూళిమిట్ట అవతల కొత్త కనెక్షన్లు ఇచ్చారు కనుక, యజమాని రాజేశ్ చెప్పిన మీదట ఆదివారం నాడు ఆమె సిద్దిపేటలో బూస్టర్ పెంచింది. బూస్టర్ అంటే ఫైబర్లో పోయే వెలుతురును బలంగా చేసి పంపే పెట్టె. దూరాన ఉన్న ధూళిమిట్టకు అది సరిపోతుంది. నడుమ ఉన్న మద్దూరుకు ఎక్కువవుతుంది. అందుకని మద్దూరు రిసీవరు ముందు ఒక అటెన్యుయేటర్ పెట్టి రావాలని, అది కంట్రోల్ రూమ్‌లో తీసిపెట్టానని, పోతూ తీసుకుపొమ్మని చెప్పింది. అటెన్యుయేటర్ చిటికెన వేలంత ఉంటుంది. వచ్చే వెలుతురును కొంత తానే తాగి, మిగిలింది లోపలికి పంపుతుంది.

యాదగిరి ఫోన్ జేబులో పెట్టుకుని నా వైపు చూశాడు.

"బొమ్మ వస్తలేదు మొర్రో అంటే, లైటు ఇంకా తగ్గించుమంటది మేడమ్. కడుపు నిండలేదంటే మూతి కట్టుమన్నట్టున్నది. మీ సదువుకున్నోళ్ళకు అన్నీ ఎక్కువైతయేమో గని, మాకు సిగ్నల్ ఎన్నడు ఎక్కువ కాలే బావా."

ఆ పిల్ల చెప్పింది నిజమేనని, ఎక్కువైనా బొమ్మ అట్లనే పగులుతుందని నేను అన్నాను. అతను గారె విరిచి నోట్లో వేసుకున్నాడు.

"నీకు పప్పుల ఉప్పెక్కువైనా రెసిస్టర్ యాడ పెట్టాల్నో చూస్తవ్."

స్వరాజ్యం పొయ్యి దగ్గర నవ్వింది. నేనూ నవ్వాను. అతను వాన కోటు తొడుక్కుని బండి తీశాడు. ఆ పిల్ల తన కూతురు వయసుది, లైన్ మీద నలుగురి ముందు తనకు పని చెబుతోందన్న కడుపుమంట అతనికి కొన్ని నెలలుగా ఉంది. అది నాకు తెలుసు. మాటలతో పోయే మంట అనుకున్నాను.

మంగళవారం తెల్లవారేసరికి మద్దూరు రిసీవరు పూర్తిగా చచ్చిపోయింది. టీవీ లేదు, నెట్ లేదు. అక్కడి నాయకులు రాజేశ్‌కు ఫోన్ చేసి తిట్టారు. మద్దూరులోనే ఉండే లైన్‌మన్ మల్లేశం బోర్డు ఊడదీసి, బస్సులో వేసి పంపాడు. అది నా బల్ల మీదికి రాకముందే రాజేశ్ ఫోన్ వచ్చింది. అతను నా దగ్గర చదువుకున్నవాడే. వాళ్ళ తాతకు భూములుండేవి. తండ్రి వాటిని ప్లాట్లు చేశాడు. కొడుకు కేబుల్ కొన్నాడు.

బోర్డు ఎట్లా కాలిందో చూసి చెప్పాలన్నాడు. మైత్రి వెలుతురు పెంచడం వల్లనే కాలిందని, తాను పోయి చూసేసరికే బోర్డు సగం చచ్చి ఉందని యాదగిరి చెప్పాడట. మీరు ఏం చెబితే అదే ఖాయం చేస్తాను సార్, ఆ పిల్లను ఉంచాల్నా తీసెయ్యాల్నా దాన్ని బట్టే, అన్నాడు. పెంచుమన్నది తానే కదా అని అడిగితే, పెంచుమన్నాను గానీ కాల్చుమన్నానా అని నవ్వాడు.

మధ్యాహ్నం బోర్డు వచ్చింది. నేను బాగుచేసి పంపిన బోర్డే అది. దాని సంగతి కొంచెం చెప్పాలి.

ఫైబర్లోంచి వచ్చే వెలుతురు ఆవగింజ కంటే చిన్న డయోడు మీద పడుతుంది. అది వెలుతురును కరెంటుగా మారుస్తుంది. ఆ కరెంటు ఎంత సన్నగా ఉంటుందంటే, దానితో ఏ పనీ కాదు. దాన్ని పట్టుకుని, పనికొచ్చే వోల్టేజీగా మార్చే చిప్పు ఒకటి డయోడును ఆనుకునే ఉంటుంది. పేరు ట్రాన్స్‌ఇంపెడెన్స్ యాంప్లిఫయర్. గుసగుస వినడానికి తలుపుకు చెవి ఆనించిన మనిషి లాంటిది. ఆ చెవిలో కేక వేస్తే చెవి పోతుంది. అందుకని నేను బాగుచేసే ప్రతి బోర్డులో డయోడుకు వోల్టేజీ వచ్చే దారిలో ఒక రెసిస్టర్ అడ్డం పెడతాను. వెలుతురు మితంగా ఉన్నంతసేపు అది ఉన్నట్టే తెలియదు. వెలుతురు ఎక్కువై డయోడులో కరెంటు పెరిగిందా, వోల్టేజీ ఆ రెసిస్టర్ దగ్గరే ఖర్చయిపోయి డయోడుకు తక్కువ అందుతుంది. డయోడు అణిగి ఉంటుంది, వెనకాల చిప్పు బతుకుతుంది. అప్పుడు బొమ్మ చెడిపోతుంది, బోర్డు మిగులుతుంది. సోమవారం మద్దూరులో జరిగింది అదే. బొమ్మ గళ్ళు పడడమంటే బోర్డు తనను తాను కాపాడుకుంటున్నట్టు. అటెన్యుయేటర్ ఒకటి పెడితే అంతా సర్దుకునేది.

దీపం దగ్గరికి లాక్కుని భూతద్దంలో చూశాను. డయోడు పోయింది. చిప్పులో డయోడు వైపు కాలు పోయింది. పవర్ సప్లై బాగుంది, పక్కనున్న చిప్పులన్నీ బాగున్నాయి. తర్వాత రెసిస్టర్ వైపు చూశాను. దాని ఈ కాలి నుంచి ఆ కాలికి ఒక రాగి వైరు ముక్క వేసి ఉంది. కరెంటు రెసిస్టర్ గుండా పోకుండా వైరు మీదుగా దాటిపోతుంది. కాపలావాణ్ణి కూర్చోబెట్టి, పక్కనే గోడకు కన్నం పెట్టినట్టు.

ఆ వైరు రెండు కొసలనూ చుట్టి, పురి పెట్టి, ఆ పైన సోల్డరు పోసి ఉంది.

నేను భూతద్దం పక్కన పెట్టాను. మనిషి చేతిరాత మరిచిపోవచ్చు, ఆ పురి మరవలేను. సుమిత్ర దాన్ని చూసి నవ్వేది కదా.

అప్పుడు నాకు తోచింది పిడుగు. నిజం చెప్పాలని తోచలేదు. సోమవారం రాత్రి మద్దూరు వైపు ఉరిమింది, మెరిసింది. పిడుగు పడి బోర్డు పోయిందని నేనంటే రాజేశ్ ఎదురు చెప్పడు. మైత్రి కొలువు ఉంటుంది, పోశమ్మ మంచం ఉంటుంది, యాదగిరి పరువు ఉంటుంది, నా నడిమి తలుపు తెరిచి ఉంటుంది. పిడుగుకు పెళ్ళాం పిల్లలు లేరు, కొలువు లేదు. అందరి తప్పూ మోస్తుంది. నేను ఆ వైరు ముక్కను పీకి పారేస్తే సరిపోయేది. కానీ సోమవారం పగలే బోర్డు సగం చచ్చిందని చెప్పినవాడు యాదగిరి. పిడుగు రాత్రిది. ఇప్పుడు అతను, నాకు సరిగ్గా తెలియలేదు, పిడుగే కావచ్చు అని ఒక్క మాట అంటే చాలు.

సాయంత్రం నడిమి తలుపు దాటి పోయాను. యాదగిరి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. చేతికి మూడు రోజుల కింది రాఖీ ఇంకా ఉంది. సుమిత్ర పోయాక ప్రతి రాఖీ పున్నానికీ మా ఇంటికి వచ్చి, ఆమె పటం ముందు నిలబడి, తన చేతికి తానే కట్టుకుంటాడు. ముడి పడక పళ్ళతో లాగుతాడు.

అటెన్యుయేటర్ ఏదని అడిగాను. అంగీ జేబులోంచి తీశాడు. ప్లాస్టిక్ సంచి కూడా విప్పలేదు. వైరు సంగతి అడిగితే దాచలేదు. మీటరు పెట్టి చూశాడట. రెసిస్టర్ దగ్గర వోల్టేజీ పడిపోతోంది. దొంగ దొరికాడనుకున్నాడు. వైరు వేయగానే సిగ్నల్ లేచింది, బొమ్మ వచ్చింది. తాళం వేసి వచ్చాడు. రాత్రంతా ఆ వెలుతురు డయోడును కాలుస్తూనే ఉందని అతనికి తెలియదు. ఆ మాట నేను నమ్మాను, ఇప్పటికీ నమ్ముతాను. కేబుల్ పనిలో ఇన్నేళ్ళూ తక్కువ సిగ్నల్‌తోనే కొట్లాడినవాడు, ఎక్కువ సిగ్నల్ చంపుతుందని ఎట్లా అనుకుంటాడు.

"అయిందేదో అయింది. రేపు రాజేశ్‌కు పిడుగని చెప్తా. నువ్వు కూడా అదే మాట మీద ఉండు. నీకు మాట రాదు, ఆ పిల్లకు రాదు" అన్నాను.

యాదగిరి అటెన్యుయేటర్ను చేతిలో తిప్పాడు.

"పిడుగంటే ఆ పోరి గాడనే కూసుంటది గద బావా."

నాకు వెంటనే అర్థం కాలేదు. అయ్యాక, వాళ్ళమ్మ సంగతి తెలుసు కదా అని అడిగాను.

"అందరికి అమ్మలున్నరు. ముప్పై ఏండ్లు స్తంభాలెక్కిన. ఫోన్ల 'యాదగిరిగారూ, చెప్పింది అర్థమైందా' అంటది, నలుగురు పోరగాండ్లు నవ్వుకుంట వింటరు. పోనీ. హైదరాబాద్‌ల పెద్ద కొలువొస్తదంట గద, పోనీ."

"నేను ఉన్నది ఉన్నట్టు చెప్తే?"

"నువ్వు చెప్పవు బావా." గొంతు పెంచలేదు. బతిమాలుతున్నట్టు కూడా లేదు. "మా అక్కను దవాఖానల ఎత్తుకున్నది ఎవలు? నీకు ముద్ద పెడుతున్నది ఎవలు? ఎవల్దో బిడ్డ కోసం నువ్వు గంత పని చెయ్యవు."

స్వరాజ్యం లోపలి నుంచి రొట్టెల డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టింది. అంతా విన్నదని ఆమె ముఖం చూస్తే తెలిసింది. డబ్బా మీద చెయ్యి ఒక్క క్షణం ఎక్కువసేపు ఉంచింది.

ఆ రాత్రి రొట్టెల డబ్బా మూత తీయలేదు. అతను ముద్ద లెక్క తీయకపోయి ఉంటే నేను పిడుగు మాట మీదనే ఉండేవాణ్ణేమో. ఒక్కణ్ణే రాజేశ్ దగ్గరికి పోయి, పిడుగని చెప్పి, యాదగిరి ఎదురు చెప్పినా నా మాట నెగ్గించుకునేవాణ్ణేమో. కానీ పిడుగంటే యాదగిరి ఇంకో సాకు చూపి ఆ పిల్లను వెళ్ళగొట్టిస్తాడని తేలిపోయింది. అబద్ధంతో ఎవరూ బతకనప్పుడు ఇక అబద్ధం దేనికి.

బుధవారం పొద్దున పాత బస్టాండు దగ్గరి కంట్రోల్ రూమ్‌కు పోయాను. మిషన్లున్న గది కింద, రాజేశ్ గది పైన. బోర్డునూ భూతద్దాన్నీ అతని ముందు పెట్టి, వైరు చూపించి, క్లాసులో చెప్పినట్టే మెల్లగా చెప్పాను. వెలుతురు పెంచమన్నది నువ్వు. దానికి చెయ్యవలసిన జాగ్రత్త చెప్పింది మైత్రి. ఆ జాగ్రత్త పెట్టలేదు, బోర్డులో ఉన్న జాగ్రత్తను కూడా వైరు వేసి తీసేశారు. ఎవరని అతను అడిగాడు. యాదగిరి అని చెప్పాను.

రాజేశ్ భూతద్దంలో చూశాడు. శ్రద్ధగానే చూశాడు. టీ తెప్పించాడు. నా టీలో చక్కెర వేయవద్దని చెప్పడం అతనికి గుర్తుంది. నేను ఆశపడ్డాను.

"మీరు చెప్పింది నిజమే సార్. మీరెన్నడు అబద్ధం చెప్పలే. గని యాదగిరన్నను ఒక్క మాటన్నా తూర్పు లైను పోరగాండ్లంత ఆయన ఎంబడి పోతరు. అవతలి నెట్‌వర్క్ వాళ్ళు చెయ్యి చాపే ఉన్నరు. మద్దూరోళ్ళకు నేను ఎవల్నో ఒకల్ని తీసేసిన అని చెప్పాలె. అమ్మాయి పోతే ఇంకో అమ్మాయి వస్తది."

"మరి నన్నెందుకు చూడమన్నావు?"

"మీరు అమ్మాయిదే తప్పంటరనుకున్న సార్. యాదగిరన్న మీ బామ్మర్ది గద."

అతను సిగ్గుపడలేదు, నన్ను ఎగతాళి కూడా చేయలేదు. లెక్క తప్పిందని చెప్పినట్టు చెప్పాడంతే. బోర్డు తీసుకుని లేచాను. నేను ఇంకా గదిలో ఉండగానే యాదగిరికి ఫోన్ కలిపాడు. ఏందన్నా, మీ బావ నీ మీదనే చెప్తుండు అని నవ్వుతూ మొదలుపెట్టాడు.

మెట్లు దిగుతుంటే మైత్రి కింద నిలబడి ఉంది. చేతిలో టిఫిను డబ్బా, నీళ్ళ సీసా, ఒక చార్జరు. అప్పటికే సర్దుకుంది. మిషన్ల చప్పుడు ఎక్కువగా ఉన్నా, పైగది తలుపు తీసి ఉంటే మాటలు కిందికి వస్తాయట.

"నీ తప్పు లేదని చెప్పిన బిడ్డా" అన్నాను.

"ఇన్న సార్." చార్జరు వైరు చేతికి చుట్టుకుంది. "తెల్వక తీసేస్తే గింత బాధ కాకపోవు."

ఉప్పల్ దగ్గర ఒక కంపెనీ పిలుస్తోందని, తల్లిని తీసుకుపోవాలని, అక్కడ డయాలసిస్ మంచం దొరికేదాకా బస్సులో ఇక్కడికి తిప్పాలేమోనని చెప్పింది. ఏ బస్సు ఎన్నింటికో అప్పుడే లెక్క వేసుకుంటోంది. ఆమె భుజానున్న సంచిలో వెతికి ఇంకో అటెన్యుయేటర్ తీసి నా చేతిలో పెట్టింది.

"కొత్త బోర్డు పెట్టేటప్పుడు ఇది మరవకున్రి సార్. నా మీది కోపం గా బోర్డు మీద ఎందుకు."

ఆ మధ్యాహ్నమే కొత్త బోర్డు తీసుకుని మద్దూరు బస్సు ఎక్కాను. యాదగిరి పోడు, పోయినా అది పెట్టడు. మద్దూరులో మల్లేశం నా కోసం స్టాండు దగ్గర ఉన్నాడు గానీ, ఎప్పటిలాగా సంచి అందుకోలేదు. గది తాళం తీసి, తలుపు దగ్గర నిలబడ్డాడు.

"బయటోళ్ళు చెప్పిన్రంటే ఓ తీరు సార్. సొంత బావే చెప్పిండంటే ఎట్ల" అన్నాడు.

నేను రిసీవరు ఊడదీసి, ముందు ఫైబర్ మూతి తుడిచి, అటెన్యుయేటర్ పెట్టి, దాని అవతల వెలుతురు కొలిచి చూశాను. ఉండవలసినంతే ఉంది. అప్పుడు బోర్డు కలిపాను. లోపల రెసిస్టర్ మీద ఎవరూ చెయ్యి పెట్టకుండా ముందే గట్టి జిగురు పోసి తెచ్చాను. గదిలో లైటు లేదు. చూపు ఆనక నేను తడుముతుంటే మల్లేశం తన సెల్‌ఫోన్ లైటు వేసి పట్టుకున్నాడు. నా మీద కోపం ఉన్నా పట్టుకున్నాడు. పని అయ్యేదాకా చెయ్యి కదల్చలేదు. బజారులో ఏదో ఇంట్లో టీవీ చప్పుడు ఒక్కసారిగా మొదలైంది. ఎవరో ముసలామె, ఒచ్చిందే, ఒచ్చింది అని లోపలి వాళ్ళను పిలిచింది. ఆ మాట వింటూ బస్సు ఎక్కాను.

ఇంటికి చేరేసరికి చీకటి పడింది. యాదగిరి బండి వాళ్ళ వాకిట్లో ఉంది. నేను కాళ్ళు కడుక్కుంటుంటే గోడ అవతల అతని గొంతు వినపడింది. ఏదో ఒక్క మాట గట్టిగా అన్నాడు. తర్వాత టీవీ చప్పుడు పెద్దదైంది. సుమిత్ర పటం దగ్గర దీపం పెట్టాను. ఆమె ఉండి ఉంటే ఏమనేదో అని చాలాసేపు ఆలోచించాను. తమ్ముడి వైపు ఉండేదా, నా వైపు ఉండేదా, తెలియదు. ఆమె ఆ పురిని చూసి నవ్విన నవ్వు మాత్రమే గుర్తుకు వస్తోంది. అది రెండు వైపులా పనికి రాదు.

వెనక వాకిట్లో గాజుల చప్పుడైంది. స్వరాజ్యం నడిమి తలుపులో నిలబడి ఉంది. గడప దాటలేదు. రోజూ లోపలిదాకా వచ్చి బల్ల మీద పెట్టే డబ్బాను గడప మీద నా వైపు పెట్టింది.

"పప్పు చేసిన అన్నా. ఉప్పు తక్కువనే ఏసిన" అంది. తర్వాత ఇంకో మాట ఏదో అనబోయి, వెనక్కి ఒకసారి చూసి, గొంతు తగ్గించింది. "రేపటికెల్లి నాకు చేతగాదన్నా. ఆయన అన్నం ముట్టలే."

మంచిది చెల్లె, అన్నాను. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. తలుపుకు అడ్డంగా ఉన్న ఇటుకను కాలితో నెట్టకుండా, వంగి రెండు చేతులతో తీసి గోడ పక్కన పెట్టింది. తుప్పు పట్టిన గొళ్ళేనికి వేళ్ళతో కొంచెం నూనె రాసింది. వంట చేసిన చేతి నూనె. తలుపును నా వైపు నుంచి తన వైపు లాక్కుని, చప్పుడు కాకుండా మూసింది.